నీలం మూతలు

అత్తయ్య గారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం అందింది. మీరూ వదిన గారూ కులాసాగా ఉన్నారని తెలిసి మనసు కుదుటపడింది. ఇక్కడ ఇద్దరమూ బాగానే ఉన్నామని ప్రతి ఉత్తరంలోనూ మొదటే రాసేదాన్ని. ఈసారి ఆ వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. మీ అబ్బాయి ప్రాణానికి భయమేమీ లేదు. ముందు ఆ మాట నమ్మండి, తర్వాత మిగతాది చదవండి. కళ్లజోడు పెట్టుకుని, వదిన గారు ఆఫీసుకి వెళ్లాక, నెమ్మదిగా చదవండి.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు చెప్పేస్తాను. అలా అయితేనే నాకు చేయి సాగుతుంది. మోకాలి పట్టీ బిగుతుగా ఉందన్నారు. మీరు పంపిన దారం ముక్క కొలత పట్టుకెళ్లి ఇంకాస్త పెద్దది కొన్నాను, విడిగా పార్సిల్లో పంపుతున్నాను. పాతది పారేయకండి, వాపు తగ్గిన రోజున అదే సరిపోతుంది. మళ్లీ ఒక ఫోను కొనుక్కోనా అని అడిగారు. వద్దత్తయ్యా. మీకు వినపడక మీరు అరుస్తారు, మీకు వినపడాలని మేం అరుస్తాం, రెండు వీధులవాళ్లకి మన ఇంటి సంగతులన్నీ తెలుస్తాయి. ఇప్పుడున్న పరిస్థితిలో అసలే వద్దు. మా రెండు గదుల మధ్య గోడ పలచన.

వంటింటి కుళాయి బాగుచేయించాను. కుళాయి బాగుచేసే అతను తల ఎత్తి చూసి, "ఇద్దరు మనుషులకి రెండు పొయ్యిలెందుకమ్మా?" అన్నాడు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని చెప్పాను. "మా ఆవిడ ఉన్న ఒక్కదాన్నీ వెలిగించదు" అని నవ్వాడు. అతనికి చెప్పిన అబద్ధం మీకు చెప్పలేను.

మీ అబ్బాయి చేతిరాత కనపడి చాలా రోజులైందని రాశారు. వాడు షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నాడా అని ఎప్పటిలాగే అడిగారు. మొదటిదానికి జవాబు ఇప్పుడు చెబుతాను. రెండోదానికి కొంచెం ఓపిక పట్టండి.

అత్తయ్యా, మేమిద్దరం విడిపోతున్నాం.

మధ్యలో మూడో మనిషి ఎవరూ లేరు. తాగుడు లేదు, కొట్టుకోవడం లేదు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, "ఈ ఇంట్లో నాకు ఊపిరి ఆడటం లేదు. చెంచా పక్కకి జరిగినా నీకు తెలిసిపోతుంది. నేను జరిగితే మాత్రం తెలియదు" అన్నారు. నేను కూడా ఊరుకోలేదు. నన్ను ఒక్క మాట అడిగి ఎన్నాళ్లయిందో చెప్పండి అన్నాను. ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, జవాబు దొరకలేదు. దాంతో ఇద్దరికీ అర్థమైపోయింది.

ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. అది అమ్ముడయ్యేదాకా ఎవరికీ వేరే చోటు లేదు. లాయరమ్మ ఏమన్నదంటే, "ఒకే ఇంట్లో ఉన్నా ఫరవాలేదు. కానీ ఎవరి వంట వాళ్లది, ఎవరి బట్టలు వాళ్లవి. కాగితాలు వచ్చేదాకా కాపురం చేస్తున్నట్టు కనపడకూడదు." ఇల్లు పంచే పని ఆయన నాకే వదిలేశారు. "ఇలాంటివి నీకు వెన్నతో పెట్టిన విద్య" అన్నారు. వెక్కిరింపో మెచ్చుకోలో తెలియలేదు.

ముందు గది ఆయనకి, వెనక గది నాకు. వంటింట్లో కిటికీ వైపు పొయ్యి నాది, తలుపు వైపుది ఆయనది. అల్మారాలో పై అర నాది, కింది అర ఆయనది. ఉప్పు, పంచదార, టీ పొడి అన్నీ రెండేసి డబ్బాల్లో పోశాను. పొరపాటున ఒకరిది ఒకరు తీసుకోకుండా నా డబ్బాలన్నిటికీ తెల్ల మూతలు, ఆయన డబ్బాలన్నిటికీ నీలం మూతలు పెట్టాను. పని అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ముచ్చటేసింది.

ఇక అసలు సంగతి. పోయిన వారం ఆయన బస్సు నడుపుతూ నడుపుతూ తూలిపోయారు. కండక్టరు ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. "వదినా, కంగారుపడకు. మా అన్న బండి పక్కకి తీసి, బ్రేకు వేసి, తాళం తీసి జేబులో పెట్టుకుని మరీ పడిపోయాడు. పడిపోవడంలో కూడా రూలు తప్పలేదు" అని నన్ను నవ్వించబోయాడు. అతని చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఎవరో పండ్లరసం తాగించారట, అంతలో అంబులెన్సు వచ్చిందట. వంతెన ఎక్కే ముందు స్టాపులో ఆగింది బండి. ఆ వంతెన మీకూ తెలుసు. మీరు వచ్చినప్పుడల్లా దాని మీద కళ్లు మూసుకుని కూర్చుంటారు.

రక్తంలో చక్కెర బాగా పడిపోయిందన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. డిపో డాక్టరు మాత్రం డ్యూటీకి ఒప్పుకోలేదు. ఎందుకు పడిపోయిందో తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. తేలకపోతే ఇక ఎప్పటికీ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బళ్ల నంబర్లు రాసుకోవడమే. మీ అబ్బాయికి బస్సంటే ఏమిటో నేను మీకు చెప్పాలా? ఇప్పుడు ముందు గదిలో మంచం మీద కూర్చుని కుడికాలితో నేలని నొక్కుతుంటారు, బ్రేకు నొక్కినట్టు. తలుపు సందులోంచి చూశాను.

ఆ డాక్టరు గదిలో నేనూ ఉన్నాను. "మాత్రలు సరిగ్గానే వేసుకుంటున్నారా?" అని అడిగాడాయన. మీ అబ్బాయి, "మా ఆవిడ సర్దిన డబ్బాలోంచే వేసుకుంటాను సార్. అందులో తప్పు ఉండదు" అన్నారు. విడిపోతున్న మనిషి అన్న మాట అది. డాక్టరు తల ఊపి ఆ సంగతి వదిలేశాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

అందులో తప్పు ఉంది అత్తయ్యా.

రేకులోంచి తీయబోతే ఆయన బొటనవేలి బలానికి మాత్ర ముక్కలైపోతుందని, మొదటి నుంచీ నేనే తీసి రెండు చిన్న గాజు డబ్బాల్లో పోసి ఉంచేదాన్ని. తెల్ల మూతది షుగరుకి, పొద్దున. నీలం మూతది బీపీకి, రాత్రి. రెండు మాత్రలూ చిన్నవి, తెల్లవి, గుండ్రటివి. వాటి పేర్లు ఆయనకి తెలియవు. మూత రంగే గుర్తు. నేను ఇల్లు పంచిన రోజున ఆయన అరలో ఉన్న ప్రతి డబ్బాకీ నీలం మూత పెట్టాను కదా. ఆ ఊపులో తెల్ల మూత ఉన్న షుగరు మాత్రల డబ్బాకి కూడా మార్చేశాను. ఉప్పు డబ్బాకి మార్చినట్టే మార్చాను. తెల్ల మూత కనపడక, నన్ను అడగలేక, ముందున్న డబ్బాలోంచే పొద్దునా రాత్రీ వేసుకున్నారు. అది షుగరుది. పైగా ఆయన వండుకునే తిండి ఎంతో మీరు ఊహించుకోగలరు, రెండు రొట్టె ముక్కలూ ఓ అరటిపండూ.

ఇంతవరకే అయితే పొరపాటు అనుకుని మీ కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని. ఇంతవరకే కాదు.

ఆయన బండిలో పడిపోవడానికి ముందు రోజు, తన అరలో డబ్బాలు వంకరటింకరగా ఉంటే చేయి ఊరుకోక సర్దాను. ఆయన చూశారు. "నా డబ్బాల జోలికి రాకు. నా అరలో ఏముందో నీకెందుకు?" అన్నారు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ నొప్పి పుట్టించింది. మర్నాడు పొద్దున టీ పొడి తీసుకుంటుంటే కింది అర కంటపడింది. ఒక మాత్రల డబ్బాలో అడుగు కనపడుతోంది. రెండోది నేను పోసినట్టే నిండుగా ఉంది. నాకు క్షణం కూడా పట్టలేదు అర్థం కావడానికి. గుమ్మం దగ్గర ఆయన వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. ఏమండీ అంటే వినపడే దూరం. నేను అనలేదు. "జోలికి రావద్దన్నారుగా, తెలిసొస్తుందిలే" అనుకున్నాను. మనసులో సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను.

ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత ఫోను చేతిలో పట్టుకుని గదులన్నీ తిరిగాను, చేయలేదు. నాకు ఆయన మీద కోపం. బస్సులో ఉన్నవాళ్లకి నాతో ఏ తగువూ లేదు. ఆ బండి వంతెన దాకా వెళ్లి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నది కింద పెట్టి గోడ పట్టుకుంటున్నాను. ముందు గదిలో అలికిడి లేకపోతే చెవి ఆనించి నిలబడుతున్నాను. ఆయన దగ్గితే నాకు ఊపిరి వస్తోంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ పొద్దున టీ కలుపుకున్న మనిషిని నేను ఎరగను. ఆమె ఈ వెనక గదిలోనే ఉంటోంది.

ఆసుపత్రి వాళ్లిచ్చిన పొట్లాలు ఈ పూటతో సరి. రాత్రి నుంచి మళ్లీ డబ్బాలే. గుట్టుగా తెల్ల మూత మార్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఆయనకి ఇక ఏ ప్రమాదమూ ఉండదు. చేయి అల్మారా దాకా వెళ్లింది కూడా. కానీ కారణం తేలదు. ఆయన గేటు దగ్గర కూర్చుంటారు, ఎందుకు పడిపోయారో జీవితాంతం తెలియక తన ఒంటినే అనుమానించుకుంటూ. చెబితే నేనేమవుతానో తెలియదు. పోలీసుల దాకా వెళుతుందేమో. లాయరమ్మ నా కేసు వదిలేస్తుందేమో. ముందు మీకు రాసేస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. అయినా లేస్తున్నాను. ఆయన గదిలో కుర్చీ చప్పుడైంది.

చెప్పేసి వచ్చి ఇది రాస్తున్నాను. రాత్రయింది. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. అంతా విని ఆయన, "ఎప్పుడు చూశావు?" అన్నారు.

"ఆ పొద్దునే."

"నేను బూట్లు వేసుకుంటున్నప్పుడా?"

"అవును."

"బండిలో బడి పిల్లలున్నారే" అన్నారు. నన్ను తిట్టినట్టు కాదు, నాకు తెలియదేమోనని చెప్పినట్టు.

"తెలుసండీ."

"ఎందుకు చెప్పలేదు?"

"జోలికి రావద్దన్నారు."

ఆయన నవ్వారు. "పెళ్లయినప్పటి నుంచీ నేను చెప్పిన మాట ఒక్కటైనా విన్నావా? వెతికి వెతికి ఇదొక్కటే విన్నావా?" అన్నారు. చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయారు. తలుపు మెల్లగా వేశారు. ధడాలున వేసినా బాగుండేది.

పోలీసుల దగ్గరికి వెళ్లారనుకున్నాను. ఒక సంచీలో బట్టలు సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను కూడా. దీపాలు పెట్టే వేళకి వచ్చారు. పార్కులో కూర్చున్నారట. "రేపు డాక్టరు దగ్గరికి నువ్వూ రా. నేను చెబితే ఉద్యోగం కోసం కథ అల్లాననుకుంటాడు. నువ్వే చెప్పాలి, చూసిన సంగతి కూడా" అన్నారు. సరేనన్నాను. విడిపోవడం సంగతి మారలేదు, మారుతుందని మీరు ఆశ పెట్టుకోకండి. నా తరఫున ఆయనకి ఏమీ రాయకండి. నన్ను ఏమనాలనిపించినా నాకే రాయండి, పడతాను.

ఇందాక ఆయన రొట్టె తిని, రెండు నీలం మూతల డబ్బాలూ తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టారు. "రాత్రిది ఏది?" అన్నారు. చూపించాను. మాత్ర అరచేతిలో వేసుకుని, ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకున్నారు. అత్తయ్యా, మింగే ముందు ఆయన మాత్ర వైపు చూడలేదు. నా మొహంలోకి చూశారు.

తర్వాత మింగారు.

ఇట్లు,
మీరు కాదనేదాకా
మీ కోడలు