నిల్ అని రాసిన చోట అయిదు అని దిద్దమని

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్,
17 నవంబరు 1983.

సువర్ణరేఖ బస్తీల ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుల వారి సముఖమునకు,
భుయ్యాడీహ్ తెలుగు బస్తీలో ఉంటున్న గేదెల పద్మకుమారి, తండ్రి అసిరయ్య, వయస్సు ఇరవై, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ ఏటి లీగులో యంగ్ స్టార్ జట్టు అయిదో నంబరు ఆటగాడికి రిఫరీ మూడుసార్లు ఇచ్చిన హెచ్చరికలు రిపోర్టులలో లేకపోవుట – సదరు రిపోర్టులు రాసినది నేనే అగుట – వాటిని దిద్దవలెనని కోరుట – గురించి.

ఈ నెల 27వ తేదీ ఆదివారం ఫైనల్ ఆట. అది అయిన మర్నాడు ఈ ఏటి కాగితాలన్నీ కట్టకట్టి బీరువాలో పెడతారనీ, ఆ తర్వాత వాటిలో ఒక్క అక్షరం మార్చడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవనీ తమ ఆఫీసు గుమాస్తా గారు చెప్పారు. అందువల్ల ఇప్పుడే రాయవలసి వచ్చింది. ఇంకా పది రోజులే ఉన్నాయి.

ఇదే సంగతి మొన్న పదిహేనో తేదీన హిందీలో రాసి స్వయంగా తీసుకువెళ్ళాను. గుమాస్తా గారు రెండు వాక్యాలు చదివి, రిఫరీ కూతుళ్ళ దగ్గర అర్జీలు తీసుకునే పద్ధతి లేదని తిరిగి ఇచ్చేశారు. తమరు విజయనగరం వైపు వారని నాన్న చెప్పారు. గుమాస్తా గారికి తెలుగు రాదు. తెలుగులో రాస్తే ఆయన చదవలేరు గనుక తమ బల్ల మీద పెట్టక తప్పదని ఈసారి ఇలా రాసి, రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఇందులో అమర్యాద ఉంటే మన్నించవలెను.

1. మా తండ్రి అసిరయ్య గారు టాటానగర్ యార్డులో ఖలాసీ. గూడ్సు వేగన్లను పరీక్షించే ఇన్‌స్పెక్టరు వెంట నడిచి, చక్రమో స్ప్రింగో పాడైందని ఆయన చూపించిన వేగనుకు "సిక్" లేబులు అంటించడం, దాని నంబరు పుస్తకంలో వేయడం నాన్న పని. ఆయనకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు. కదులుతున్న బండి మీద ఆరంకెల నంబరు ఉన్నా చూసి తప్పు లేకుండా వేస్తారు. కుర్రతనంలో చెప్పులు లేని కాళ్ళతో ఆడి, ఇప్పుడు ఎనిమిదేళ్ళుగా తమ సంఘంలో రిఫరీగా ఉన్నారు. ఆట నిబంధనల పుస్తకం నేను ఏడో తరగతిలో ఉండగా చదివి తెలుగులో చెబితే, ఆయన విని కంఠస్థం చేశారు. ఆయన సంతకం నేను నేర్పినదే. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను.

2. పసుపు కార్డు చూపించిన ప్రతిసారీ నాన్న తన జేబు అట్ట మీద ఆటగాడి చొక్కా నంబరు వేసుకుంటారు. ఇంటికి వచ్చాక ఆయన చెబుతూంటే ఇంగ్లీషు ఫారం నేను నింపుతాను. ఆయన సంతకం చేస్తారు. ఈ పద్ధతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళలో ఎవరూ ఆక్షేపించలేదు. మూడు హెచ్చరికలైన ఆటగాడు తర్వాతి ఆట ఆడరాదని సంఘం నిబంధన.

3. సెప్టెంబరు 4న జరిగిన ఆటలో యంగ్ స్టార్ అయిదో నంబరు పోలరాజుకు, ఎదుటివాడి కాలి మీదికి దూకినందుకు నాన్న పసుపు కార్డు చూపించారు. ఆ సాయంత్రం ఆ జట్టు మేనేజరు సన్యాసిరావు గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మాకు దూరపు బంధువు. మా అమ్మ జోగమ్మ టీ ఇచ్చింది. జరిగిన మాటలు విన్నవి విన్నట్టు రాస్తున్నాను.

"బావా, కార్డు సూపించీసినావు, జనం సూసినారు, అయిపోయింది. మళ్ళీ కాయితంలోకి ఎందుకు?" అన్నారు ఆయన.

"వేగనుకి లేబులు అంటించీసి, పుస్తకంలో నంబరు ఎయ్యకపోతే ఏటవుద్ది? తరవాత డ్యూటీవోడు లేబులు పీకీసి బండి పంపించెత్తాడు. ఇరుసు ఇరిగితే ఎవుడు జవాబు సెప్పాల?" అన్నారు నాన్న.

"పోలరాజు వేగనేటి బావా? మన మనిషి."

"మన మనిషి గాబట్టే ఆపాల. ఒక్క ఆట కూకుంటే ఆడి బుద్ధి కుదుటపడతాది."

సన్యాసిరావు గారు నవ్వి, "మీ రైలోళ్ళతో మాటాడలేం, పట్టాలు దిగరు," అని టీ తాగి వెళ్ళిపోయారు.

4. మర్నాడు నేను టైపు నేర్చుకుంటున్న సీతారాండేరా ఇన్‌స్టిట్యూటు ముందు ఆయన నిలబడి ఉన్నారు. ఫారం అప్పటికింకా ఇవ్వలేదు, నా సంచిలోనే ఉంది.

"మీ నాయనకి అంకెలే తెలుసమ్మా. అక్షరాలు నీయి. ఫైనలు సూడ్డానికి కంపెనీ స్పోర్ట్సు ఆఫీసర్లు వత్తారు. ఆడు ఆడితే పర్మనెంటు ఉజ్జోగం. ఆడి మీద ఆరుగురు తినాల. నువ్వు సదుకున్న గుంటవి, నీకు నేన్ సెప్పాలా?" అన్నారు.

బెదిరించలేదు. ఏమీ ఇవ్వజూపలేదు. ఒక పెద్దమనిషి నన్ను నిలబెట్టి, నీకు తెలుసు, నువ్వే తేల్చు అనడం నాకు అదే మొదటిసారి. అది నాకు బాగుండిందని దాచకుండా రాయవలసి ఉంది. ఆ ఫారం చింపి, కొత్తది నింపి, హెచ్చరికల గడిలో ఇంగ్లీషులో "నిల్" అని రాశాను. ఏమీ లేదని దాని అర్థమని తమకు తెలియనిది కాదు.

సంతకం పెట్టబోతూ నాన్న ఆగారు.

"అయిదు ఏదమ్మా? నాకు అంకె అగుపడ్డం నేదు."

"అక్షరాల్లో రాశాను నాన్నా. అంకె అయితే ఎవరైనా దిద్దేస్తారు. డబ్బు కాగితాల మీద అందుకే అక్షరాల్లో కూడా రాస్తారు," అన్నాను.

ఆయన ఆ మూడు అక్షరాల మీద వేలు పెట్టి, ఒకటొకటిగా చూసి, "మంచి పని సేసినావు," అని సంతకం చేశారు.

సెప్టెంబరు 25న, అక్టోబరు 23న కూడా పోలరాజుకే హెచ్చరికలు వచ్చాయి. రెండుసార్లూ నేను అలాగే రాశాను. మూడోసారి నాన్న నన్ను అడగలేదు. గడిలో ఆ మాట తానే గుర్తుపట్టి, "ఇదుగో అయిదు," అన్నారు. ఇంగ్లీషులో ఆయన చదవడం నేర్చుకున్న మొదటి మాట అది.

5. కావున నవంబరు 6న జరిగిన సెమీఫైనల్లో కూర్చోవలసిన పోలరాజు ఆడాడు. భుయ్యాడీహ్ జట్టులో ఆడే సూర్యం కాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. నాకు కనిపించినంతవరకు అది పొరపాటున తగిలిన దెబ్బ కాదు. సెప్టెంబరులో చేసినదే మళ్ళీ చేశాడు. సూర్యం ఠేకాదారు, అంటే కాంట్రాక్టరు, కింద రోజుకూలి. పనిలోకి రాకపోతే ఆ పని ఇంకొకరిది. నేను ఆస్పత్రికి వెళ్ళి, చేసినది చెప్పాను. అతను కోప్పడలేదు. "ఛోడో దీదీ. కాగజ్ మే తో సబ్ ఠీక్ హై," అన్నాడు. కాగితంలో అంతా బాగానే ఉంది కదా, పోనీ అని. పక్కమంచం మీది మనిషి నవ్వాడు, అతనూ నవ్వాడు.

6. ఆ ఆటకు రిఫరీ గణపతిరావు గారు. ఆ ఆట రిపోర్టులో కూడా హెచ్చరికల గడి ఖాళీయే. వారి ఇంటికి వెళ్ళి అడిగాను. "నా దగ్గరకీ వచ్చినారమ్మా. అందరి దగ్గరకీ వత్తారు. రాసినోడికి మరుసటేడు ఆటలు ఇవ్వరు. నేన్ సెప్పినానని ఎక్కడా అనకు," అన్నారు. ఆయన వద్దన్నా ఇక్కడ రాశాను. దానికి ఆయనకు ఏ హాని జరిగినా అది నా రెండో తప్పు అవుతుంది. ఒక్క మా ఇంటి గొడవే అయితే తమను శ్రమపెట్టేదాన్ని కాదని మాత్రం తెలియజేసుకుంటున్నాను.

7. ఇప్పుడు రాయబోయేది నేను కళ్ళారా చూడలేదు. నాన్న చెప్పినంతే రాస్తున్నాను.

సూర్యం సంగతి విని నాన్న తనంతట తానే 12వ తేదీన క్రమశిక్షణ కమిటీ ముందుకు వెళ్ళారు. అయిదో నంబరుకు మూడుసార్లు కార్డు చూపించాననీ, తన కాగితాలు తీసి చూడమనీ అడిగారు. తీశారు. ఈ గడిలో ఏముందో చదవమన్నారు. నాన్న "నిల్" మీద వేలు పెట్టి, "పాంచ్ నంబర్," అన్నారు, అయిదో నంబరని. రెండో కాగితం పెట్టారు. "పాంచ్ నంబర్." మూడోది పెట్టారు. అప్పటికి బల్ల చుట్టూ ఉన్న అయిదుగురూ నవ్వుతున్నారు. తన హిందీకి నవ్వుతున్నారనుకుని నాన్న మరింత గట్టిగా, "పాంచ్, సాబ్, పాంచ్. మేరీ బేటీ లిఖీ హై," అన్నారు, నా కూతురే రాసిందని.

అక్షరజ్ఞానం లేనందున, తప్పుడు సమాచారం ఇచ్చినందున రిఫరీల జాబితా నుంచి పేరు తొలగించడమైనదని అక్కడికక్కడే ఉత్తర్వు చేతికిచ్చారు. నాన్న అది కూడా ఇంటికి తెచ్చి నన్నే చదివి చెప్పమన్నారు. కారణాలు నేను చదవలేదు. తీసేశారని మాత్రమే చెప్పాను.

8. 14వ తేదీ సోమవారం యార్డు ఆఫీసులో బోర్డు మీద ఆనాటి పాడైన వేగన్ల లెక్క రాసి ఉంది. ఆ రోజు ఏవీ లేవు. సుద్దతో ఆ మూడు అక్షరాలు ఉన్నాయి. నాన్న చూసి, "ఈయాల అయిదు వేగన్లా? లైనులో ఒక్కటీ అగుపడ్డం నేదే," అని అడిగారు. అక్కడి వారు అర్థం చెప్పారు.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నారు. అన్నం తిన్నారు. నేను కంచం తీస్తూంటే నన్ను అడిగారు.

"అయిదంటే ఏటీ నేదనా, అమ్మా?"

అమ్మ, "పెద్ద సదువు సదివీసినాది. అయ్య ఏలు తనకి ఎక్కడ గావాలంటే అక్కడ ఎట్టించినాది," అంది. అమ్మ అబద్ధం చెప్పలేదు.

నిన్న యార్డులో సెలవు చీటీ మీద సంతకం చేయమంటే నాన్న బొటనవేలికి సిరా రాసుకుని ముద్ర వేశారట. నీకు సంతకం వచ్చుకదా అంటే, "సంతకం నా బిడ్డది. ఏలు నాది," అన్నారట. ఎనిమిదేళ్ళ కిందట పలక మీద దిద్దించిన ఏడు అక్షరాలను ఆయన నాకు తిరిగి ఇచ్చేశారు. సాయంత్రం ఊరి నుంచి వచ్చిన ఉత్తరాన్ని పక్కింటివారి చేత చదివించుకున్నారు. నేను ఇంట్లోనే ఉన్నాను.

9. కోరేది ఇంతే. ఫైనల్ ఆపమని అడగడం లేదు. అడిగినా ఆగదు. అందులో ఆడేదీ, కప్పు ఇస్తున్నదీ సన్యాసిరావు గారి క్లబ్బే. పోలరాజు ఉద్యోగం పోవాలని కూడా నేను కోరడం లేదు. అతని ఇంట్లో ఆరుగురున్న మాట నిజమే. సూర్యం కాలు తమ చేతిలో లేదు. నాన్న పేరు మళ్ళీ జాబితాలో చేర్చమని రాయాలని కూర్చున్నాను గాని, చేర్చినా ఆయన ఫారం ఎవరు నింపుతారు? నా చేత నింపించరు. ఇంకొకరి చేతా నింపించలేరు. అందుకని అదీ రాయడం లేదు.

(అ) సెప్టెంబరు 4, సెప్టెంబరు 25, అక్టోబరు 23 రిపోర్టులలో "నిల్" అన్న మాట రాసినది నేనేననీ, అది అబద్ధమనీ, రిఫరీకి తెలియకుండా రాశాననీ నమోదు చేయవలెను. దీనికి ఏ శిక్ష ఉన్నా అది నాకు వేయవలెను. నాన్న జేబు అట్టలు మూడూ జతచేస్తున్నాను. వాటి మీద ఉన్నది ఆయన వేసిన అంకె.

(ఆ) ఆ మూడు గడులలోనూ ఆ మాట కొట్టివేసి, 5 అని అంకె వేయించవలెను.

(ఇ) ఉత్తర్వులో "తప్పుడు సమాచారం ఇచ్చినందున" అన్న మాటలు తీసివేయవలెను. "అక్షరజ్ఞానం లేనందున" అన్నవి ఉండనివ్వవచ్చు. అవి నిజమే.

ఇందులో ఒక్కటైనా జరుగుతుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. ఫైల్లో నిల్ ఉంటేనే అందరికీ సుఖం. అయినా ఇది తమరే, ఇంకొకరి చేత చదివించుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గేదెల పద్మకుమారి

తా.క. దీనితో ఒక పోస్టు కార్డు జతచేశాను. నాన్న పేరు, చిరునామా రాసే ఉన్నాయి. జవాబు 25వ తేదీ శుక్రవారం లోపల అందేలా దయచేయించవలెను. ఆ రోజు నాన్నకు సెలవు, పోస్టుమాను వచ్చే వేళకు ఇంట్లోనే ఉంటారు. కార్డు వెనక ఉత్తరం ఏమీ రాయనక్కరలేదు. తమరు దిద్దించినట్టయితే 5 అని ఒక్క అంకె వేసి పంపండి. దాన్ని ఎవరూ చదివి చెప్పనక్కరలేదు. ఆయనే చదువుకుంటారు.