ఎగువ దేశం తరఫున

మా వాగుడుకాయకి,

నాన్న ఆశీస్సులు. నిజానికి ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకుందామనే అనుకున్నాను. కలంలో సిరా లేదని ఒకరోజు, కళ్లజోడు కనబడలేదని ఒకరోజు నెట్టుకొచ్చాను. కళ్లజోడు నెత్తిమీదే ఉంది. ఇక్కడ నేనూ, కుట్టుమిషనూ కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

"ఈ దేశాల గొడవలన్నీ నీకెవరు నేర్పారు నాన్నా?" అని అడిగావు. పాత పేపర్లు. చొక్కా కొలతలు గీసి కత్తిరించడానికి కట్టలు కట్టలు తెచ్చేవాణ్ణి. కత్తెర వేసేముందు చదివేవాణ్ణి. ఎక్కడో యుద్ధం కాలరు ముక్కలో మొదలయ్యేది, సంధి చేతి ముక్కలో కుదిరేది. మధ్యలో ఏం జరిగిందో కత్తెరకే తెలియాలి.

ఆ మిడిమిడి జ్ఞానంతోనే గ్రంథాలయంలో ఆదివారం చర్చలకి వెళ్లేవాణ్ణి. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం మాట్లాడాలి. టైమైందని చెప్పడానికి బల్లకి సైకిల్ బెల్లు బిగించారు. నిరాయుధీకరణ గురించి ఊగిపోతున్న ఒకాయన, బెల్లు వినగానే పక్కకి తప్పుకుని దారిచ్చాడు. సరే, అది వదిలెయ్. ఒక గట్టి నియమం ఉండేది: ఎదుటివాళ్ల వాదాన్ని ముందు నువ్వే అప్పజెప్పాలి. వాళ్లు "అవును, నేనన్నది అదే" అన్నాకే నీ జవాబు.

ఇక నీ మిగతా రెండు ప్రశ్నలు. కాలేజీ చర్చాపోటీ ఫైనల్లో నీకు పోటీ, హాస్టల్లో నీ గదిలో ఉండే పిల్లే కదా. "తను ఏడుస్తూ చెప్పుకున్న ఇంటి సంగతొకటి స్టేజీ మీద విసిరితే గెలిచేస్తాను, విసరనా?" అని ఒకటి. అంత చక్కటి గొంతున్న అమ్మ నలుగురిలో ఎందుకు నోరు విప్పేది కాదని రెండోది. రెంటికీ జవాబు ఒకటే.

మీ అమ్మ మాట్లాడేది. నువ్వు పుట్టకముందు, ఆ గ్రంథాలయం గదిలో అందరికంటే బాగా. ఆ ఆదివారం విషయం, నదికి ఎగువనున్న దేశం తన ఇష్టమొచ్చినట్టు ఆనకట్ట కట్టుకోవచ్చా అని. నాకు ఎగువ దేశం వచ్చింది, ఆమెకి దిగువ దేశం. "దాహంతో ఉన్నవాడి చేత పెట్టించిన సంతకం ఒప్పందం కాదండీ, లొంగుబాటు" అంది. నా దగ్గర జవాబు లేదు. నియమం గాలికొదిలేసి లేచాను.

"ఇంట్లో ఆడపడుచుతో ఆర్నెల్లుగా మాటల్లేవు ఈవిడకి. రెండు దేశాలకి సంధి కుదురుస్తుందట!" అన్నాను.

విరగబడి నవ్వారు. మా అక్క తనతో మాట్లాడటం లేదని అంతకు ముందురోజే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది మీ అమ్మ. నాకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. తిరిగొస్తూ, "ఊరికే నవ్వించడానికన్నాను" అన్నాను. "తెలుసు లెండి. బాగా మాట్లాడారు" అంది. అంతే, మళ్లీ ఆ గది మెట్లెక్కలేదు.

ఏ బెల్లూ కొట్టకుండా నాకు పాతికేళ్లు టైమిచ్చింది. ఈ కొలతల బల్ల మీద కూర్చుని ఎన్ని దేశాలకి రాజీ కుదిర్చానో లెక్కలేదు. తప్పయిందని ఆ ఒక్కమాట మాత్రం ఆమెతో అనలేదు.

అమ్మ పోయి ఏడు నెలలు నిండాక, మొన్న ఆదివారం గ్రంథాలయానికి వెళ్లాను. లైబ్రేరియన్‌తో కలిపి నలుగురున్నారు. ఆ పాత విషయం మీద ఐదు నిమిషాలడిగి, మీ అమ్మ వాదాన్ని మొదట్నుంచీ ఆమె చెప్పినట్టే అప్పజెప్పాను. "అవును, నేనన్నది అదే" అనాల్సిన మనిషి కోసం కాసేపు ఆగాను.

"మరి మీ జవాబేంటండీ?" అన్నాడు లైబ్రేరియన్.

"లేదు బాబూ."

ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి. బెల్లు కొట్టేదాకా నిలబడి, కూర్చున్నాను.

ఇట్లు,
ఎగువ దేశం తరఫున మాట్లాడిన
మీ నాన్న