రెక్క మీది గుర్తు

మంగళవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. లేచి కూర్చున్నాను.

పోయిన వారం ఉరవకొండ నుంచి, నా దగ్గర చదువుకున్న ఓబులమ్మ చనిపోయిన తన నాయన పటానికి నలుపు తెలుపు జిరాక్సు తీయించి, వెనకున్నది ఏ విమానమని అడుగుతూ పంపింది. పటం కట్టినవాళ్లు మనిషిని ఉంచి వెనకున్న విమానాన్ని కత్తిరించేశారు. భుజం పక్కన రెక్క ముక్క మిగిలింది. దాని మీద తెల్లటి వలయం, నడుమ నల్లటి చుక్క. సైన్యం విమానాలకు వేసే గుర్తు! పాత విమానాల పిచ్చోణ్ణి, ఆగుతానా? డకోటా, పాత సైనిక రవాణా విమానం అని ఫోన్లో తేల్చి చెప్పాను.

ఈ రోజు అసలు పటం చూద్దామని వెళ్లాను. దుమ్ము పట్టిందని ఓబులమ్మ కొంగుతో అద్దం తుడిచింది. గుర్తు కొంగుకు అంటుకుని వచ్చేసింది. గంధం, దాని మీద కుంకుమ.

"నాయన మొగం కనపడల్లని బొట్టు పక్కన పెడతాను సార్" అంది.

ఆ గుర్తు లేకపోతే అది ఏ విమానమైనా కావచ్చు. జాతరలో ఫోటోలకు పెట్టే అట్ట విమానమైనా కావచ్చు. చెప్పబోయాను.

"రేపు సమాధి బండ మీద ఇమానం పేరు గూడా చెక్కిస్తాండాం సార్. డకోటాకు చివర్న దీర్ఘం ఉంటాదా?"

ఉంటుందన్నాను.