బజ్జీలు పంపొద్దత్తా

ఎస్తేరత్తకు వందనాలు.

ఫోన్ చేస్తే కళాయి చప్పుడులో నీకు వినపడదని ఈ ఉత్తరం రాసి అటెండరు చేత పంపుతున్నాను.

రేపు మధ్యాహ్నం మా కాలేజీ అధ్యాపకుల వసతుల కమిటీ మళ్లీ కూర్చుంటోంది. నీ క్యాంటీన్‌కు లైబ్రరీ పక్క గది ఇవ్వాలా వద్దా అన్నదొక్కటే విషయం. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఏడాదిగా ఎందుకు తేలలేదో పోయిన మీటింగులో నాకు అర్థమైంది. ఇక సంతకాలు పెడదామని నేను అనగానే తిరుపాల్ సారు నీ మిరపకాయ బజ్జీ కొరుకుతూ, "ఏంది మేడం, అంత తొందరేముండాది? ఈపొద్దే తేల్చేస్తే మళ్లీ కూచునేదెప్పుడు?" అన్నారు. జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చే భారతి మేడం వెంటనే వాయిదాకు చెయ్యెత్తారు. ఆవిడ రెండో చేతిలో ఉగ్గాని ప్లేటుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రతి మీటింగుకూ ఇవన్నీ నువ్వు మంచి మనసుతోనే ఊరికే పంపుతున్నావు. కానీ ఆ ప్లేట్లే నిన్ను ఈ ప్రొద్దుటూరు ఎండల్లో రేకుల కింద కూర్చోబెట్టాయి. కాబట్టి రేపు మీటింగుకు ఏమీ పంపొద్దు. టీ కూడా వద్దు.

అలాగని పొయ్యి ఆర్పేస్తావేమో, ఆ పని మాత్రం చెయ్యకు. బజ్జీలు లేవని తెలిస్తే సగం మంది రారు, మీటింగే జరగదు. రెండింటికల్లా వేయించడం మొదలుపెట్టి పిల్లలకు అమ్ముకో. వాసన మా కిటికీ దాకా రావాలి. ఆఖరి సంతకం పడగానే నేనే కిటికీలోంచి చెయ్యి ఊపుతాను, అప్పుడు పంపు.

మొదటి ప్లేటు నాది.

నీ మేనకోడలు