పద్నాలుగులో మన ఒక్క ఓటు

అత్తయ్యా,

మీరు పోయి నేటికి ఏడాది. తెలుగు సంఘాల సమాఖ్యలో ఇందిరాపురం తరఫున ఇప్పుడు మీ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నవ్వకండి.

నోయిడా నర్సుల సంఘాన్ని చేర్చుకోవద్దని మీరు పట్టుబట్టేవారు. "పదకొండు ఓట్లలో మనది ఒకటి. వాళ్ల మూడూ వచ్చి చేరితే మనల్ని అడిగేదెవరే?" అనేవారు. నేనూ అదే నిజమనుకున్నాను. పోయిన నెల వాళ్లను చేర్చుకున్నారు.

నిన్న పిల్లల తెలుగు బడి ద్వారకాలో పెట్టాలా, మయూర్ విహార్‌లో పెట్టాలా అని ఓటింగ్ పెట్టారు. ద్వారకాలో అయితే దూరం, మన చిన్నికి బడి లేనట్టే. మీకు గుర్తుందిగా, ద్వారకా నాలుగు, బేర్ సరాయ్ విద్యార్థుల రెండు కలిస్తే ఆరు, సగం దాటిపోయేది. మయూర్ విహార్ నాలుగుకు మనం తోడైనా అయిదే. ఇప్పుడు మొత్తం పద్నాలుగు, గెలవాలంటే ఎనిమిది కావాలి. మయూర్ విహార్, నర్సులు కలిసి ఏడు దగ్గర ఆగారు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

అందరూ నావైపే చూశారు. చెయ్యెత్తాను.

"ఎనిమిది! బడి మయూర్ విహార్‌లోనే, ఈ ఆదివారం నుంచే మొదలు" అన్నారు అధ్యక్షుడు. పక్కనున్న నర్సు ఆంటీ నవ్వుతూ, "ఇంక దించమ్మా, నొప్పెడుతుంది" అంది.

ఇంటికొచ్చి చెప్తే చిన్ని, "సచ్చీ? తుమ్ జీత్ గయీ, మమ్మీ?" అని, నేను నిజంగా గెలిచానా అంటూ గంతులేసింది.

"తెలుగులో అడగవే!"

"సండే కే బాద్" అంటూ, తెలుగు ఆదివారం బడికెళ్లాకేనట, పారిపోయింది మీ మనవరాలు.

మీ కోడలు