ముద్ర పడని చెక్కు

పొలిక్సేనీ అత్తయ్యకు,

మన లాండ్రీకి వచ్చిన చెల్లని చెక్కులను, బ్యాంకు వాళ్లు వాటిపై 'డబ్బు లేదు' అని ముద్ర వేయకముందే నాన్న ఎందుకు వెనక్కి తెచ్చేసుకునేవారు? జాలా, మొహమాటమా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. మీ తమ్ముడు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇప్పుడు లాండ్రీ నడుపుతున్న నాకూ మొన్న ఆ అవసరం పడింది. హోటల్ యజమాని అసిమాకిస్ వేసవంతా దుప్పట్లు ఉతికించుకుని, అందరిలాగే అక్టోబరు తేదీ వేసి చెక్కు ఇచ్చాడు. తీరా చూస్తే ఖాతాలో డబ్బు లేదు. ముద్ర పడితే వోలోస్ ఊళ్లో ఆయనకు సబ్బు కూడా ఎవరూ అరువివ్వరు, హోటల్ మూతపడుతుంది. ముద్ర వేయాలో వద్దో మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు బ్యాంకు వాళ్లు.

అంతలో ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ముద్ర వేయిస్తావా, కాఫీ ఇప్పిస్తావా? ముందు అదేదో తేల్చమ్మా" అన్నాడు. కాఫీ పెట్టి, బ్యాంకుకు వెళ్లి చెక్కు వెనక్కి తెచ్చాను.

మా దగ్గర ఇస్త్రీ చేసే ఫోతినీ ఇదంతా చూసింది.

"అచ్చం మీ నాన్నే. ఆయన జాలిపడ్డ నెలల్లో నా జీతం ఆగేది, తెలుసా పాపా?"

"మరెందుకు ఊరుకున్నావు?"

"ఆయన అడగలేదు. అడిగుంటే సరేననేదాన్నేమో" అంటూ అసిమాకిస్ దుప్పట్లే అందుకుని, అంచులు ఓపిగ్గా కలిపి ఇస్త్రీ మొదలుపెట్టింది.

ఈ నెలా ఆమె జీతం ఆలస్యమవుతుంది. నేను మాత్రం అడిగాను, సరేనంది. కాదనే వీలు ఆమెకు నిజంగా ఉందో లేదో, అది మాత్రం నాకు తేలడం లేదు అత్తయ్యా.

మీ మేనకోడలు