ప్రసాదం అందని మంచం

కుప్పం,
గురువారం.

అప్పా,

అంగడి తెరిచి, దీపం పెట్టి, కళ్లద్దాలు తుడుచుకున్నాకే ఇది చదువు. నీ కోసమే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఫోన్‌లో చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ నువ్వు "అన్నం తిన్యావామ్మా?" అంటావు, నేను తిన్నానంటాను, అంతటితో అయిపోతుంది. నేను నర్సింగ్ చదువు మానేస్తున్నానప్పా. ఎందుకో చెప్పాలంటే ఈ ఉత్తరమే గతి.

"మా కీర్తనకు సేవలోనే దోవ దొరికింది" అని ఊరందరికీ చెప్పుకుంటున్నావు కదా, అందులో సగం నిజం. ఇంటర్ అయ్యాక ఏడాదిపాటు అంగట్లో చీరలు మడతపెడుతూ, నేనెందుకూ పనికిరానని ఏడుస్తుంటే, పుంగనూరు నుంచి ప్రతి శనివారం భజన మండలి వ్యానులో మదనపల్లె ఆసుపత్రికి నన్ను తీసుకుపోయింది నువ్వే. మొదటి రోజు ఎవరో ముసలమ్మకు చిక్కు తీసి జడ వేశాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. దేవుడంటూ ఉంటే ఇలాంటి చోటే ఉంటాడనిపించింది. ఆ శనివారాల కోసమే మిగతా ఆరు రోజులు బతికేదాన్ని.

మిగతా సగం నీకు తెలియదు. అంజమ్మ గుర్తుందా? వాల్మీకిపురం నుంచి పక్షవాతంతో వచ్చి, ముక్కులో గొట్టంతో పడుకుని ఉండేది. తలవైపు గోడకు "నోటితో ఏమీ ఇవ్వరాదు" అని కాగితం అంటించి ఉంది. నేను ముందు చూడలేదప్పా. ప్రసాదం అందని మంచం ఒక్కటి కూడా ఉండకూడదని నువ్వు వ్యానులో చెప్పే మాటే నా చెవుల్లో ఉంది. ఆమె చూపు నా చేతిలోని ప్రసాదం పొంగలి గిన్నె మీదే ఉంది. కూతురు మునీశ్వరి మందుల కోసం కిందికి పోయింది. ఒక చెంచాడు నోట్లో పెట్టాను. పొరపోయింది. దగ్గు ఆగలేదు, ముఖం నల్లబడింది, నర్సులు పరిగెత్తుకొచ్చి నన్ను పక్కకు తోసేశారు. అప్పుడు చూశాను ఆ కాగితం. సాయంత్రానికి ఆమె పోయింది.

మునీశ్వరి తల్లి పెదవికి అంటిన నెయ్యి చూసి, నా చేతులు రెండూ కళ్లకద్దుకుంది. "సామి ప్రసాదం తిని పోయింది మాయమ్మ" అంది. మండలిలో అందరూ ఆమె పుణ్యాత్మురాలన్నారు. పొరపోయిన సంగతి మునీశ్వరికి ఎవరూ చెప్పలేదు, నేనూ నోరు విప్పలేదు. ఆ పాపం తీర్చుకుందామనే ఈ చదువుకొచ్చాను. తీరలేదు. నిన్న వార్డులో ఒక తాతకు గంజి తాగించమన్నారు. చెంచా పెదవుల దాకా పోయి ఆగిపోయింది. తాత నోరు తెరుచుకుని అలాగే ఎదురుచూశాడు. చివరికి సిస్టర్ నా చేతిలోంచి చెంచా తీసేసుకుంది. దేవుణ్ణి పిలిచి ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

నెలాఖరు ఆదివారం వాల్మీకిపురం పోయి మునీశ్వరికి నిజం చెబుతాను. ఆ తర్వాత ఇంటికొచ్చి చీరలే మడతపెడతాను. నన్ను ఆపొద్దు.

నీ బిడ్డ,
కీర్తన


పుంగనూరు,
శనివారం.

అమ్మా కీర్తనా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇవాళ వ్యాను మదనపల్లెకు పోయింది, నేను పోలేదు. ఇక పోను.

ఆ కాగితాన్ని నువ్వు చూడలేదు, నేను చూశాను. నీకంటే ముందు ఆ మంచం దగ్గర నిలబడింది నేనే. నర్సమ్మ "ఈమెకు వద్దు సార్" అని చెప్పింది కూడా. "ప్రసాదానికి ఏమైతాదమ్మా, సామి సూసుకుంటాడు" అన్నాను. ఇరవై ఏళ్లుగా ఒక్క మంచం వదలని మండలి అని పేరు, ఆ పేరు పోతుందని గిన్నె నింపి నీ చేతికిచ్చి అటు పంపాను. ఆమె పోయిన సాయంత్రం నీ ముఖం చూడగానే అర్థమైంది, ప్రసాదం వల్లే ఆమె పోయిందని నీకు తెలిసిపోయిందని. తెలిసి కూడా రెండేళ్లు ఆ బరువు నీ ఒక్కదాని చేతే మోయించాను. అంగడికొచ్చిన ప్రతివాళ్లకూ నీ గురించి గొప్పలు చెప్పుకుంటున్నంతసేపు నేను తప్పు చేయలేదనిపించేది. సిగ్గుగా ఉందమ్మా.

చదువు మానొద్దని చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క మాట మాత్రం రాస్తాను. తాత దగ్గర నీ చెయ్యి ఆగింది. ఆ రోజు నా చెయ్యి ఆగలేదు. ఆ మంచాల దగ్గర ఉండాల్సింది నీలాంటి చెయ్యే.

వాల్మీకిపురం మాత్రం పోవద్దు. నిన్న నేను పోయొచ్చాను. జరిగిందంతా, తప్పు నాదేనని, దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను, చెప్పు తీసుకుంటుందనుకున్నాను. మునీశ్వరి వాకిట్లో కూర్చుని టమోటాలు ఏరుతోంది. నేను చెప్పడం అయిపోయాక కూడా ఏరుతూనే ఉంది. తలెత్తకుండానే అంది:

"మాయమ్మ సామి ప్రసాదం తిని పోయిందని రెండేండ్లుగా అందరికీ చెప్పుకుంటా బతకతాండాను. ఇంక ఏమని చెప్పుకునేది సామీ?"

నేను బస్సెక్కి వచ్చేశాను.

మీ అప్ప,
రెడ్డెప్ప